స్పాన్ బజారులో దొరుకుతుంటే ప్లూరోటస్ నెబ్రోడెన్సిస్ అంతరించిపోయే జాబితాలో ఎందుకుంది?

ప్లూరోటస్ నెబ్రోడెన్సిస్ ఒక తెల్ల పుట్టగొడుగు. ప్యాకెట్ మీద ఆ పేరు రాసి స్పాన్ (పుట్టగొడుగులు పెంచే విత్తనం) అమ్ముతుంటే, అది క్రిటికల్లీ ఎండేంజర్డ్, అంటే అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్నది, ఎలా అవుతుందన్నది మీ సందేహం. ముందు ప్యాకెట్ సంగతి తేలుద్దాం. చైనాలో బైలింగు పేరుతో పెద్దయెత్తున పెంచే తెల్ల పుట్టగొడుగుకి చాలాకాలం ఇదే శాస్త్రీయ నామం వాడారు. డీఎన్ఏ పోల్చి చూస్తే అది వేరని తేలింది, ఇప్పుడు దాన్ని ప్లూరోటస్ తువోలియెన్సిస్ అంటున్నారు. వ్యాపారంలో మాత్రం పాత పేరే తిరుగుతోంది. రెండూ తెల్లగా, కండగా ఉంటాయి కాబట్టి చూపుకి తేడా పట్టుకోవడం కష్టం.

అసలుది ఇటలీలోని సిసిలీ దీవి ఉత్తరాన మడోనీ కొండల్లో, 1200–2000 మీటర్ల ఎత్తులో, సున్నపురాయి పచ్చికబయళ్లలో వసంతంలో మొలుస్తుంది. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, కాక్రిస్ ఫెరులేసియా అనే మొక్క మొదలు దగ్గర. మన ధనియాలు, సోంపు కుటుంబమే అది. ఆ మొక్కని అక్కడివాళ్లు బసిలికు అంటారు కాబట్టి పుట్టగొడుగుకి ఫుంచు ది బసిలికు అని పేరొచ్చింది. పిజ్జా మీద వేసే బేసిల్‌కీ దీనికీ చుట్టరికం లేదు.

2006లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని రెడ్ లిస్ట్‌లో, అంటే ముప్పులో ఉన్న జీవుల జాబితాలో, చేర్చింది. ఏటా పక్వానికి వచ్చేవి 250 లోపే అన్నది అప్పటి అంచనా. 250 లోపు అన్న సంఖ్య ఒక్కటే అయితే ఒక మెట్టు కిందనున్న ఎండేంజర్డ్ దగ్గర ఆగేది. పెరిగే చోటు 100 చదరపు కిలోమీటర్ల లోపు, అదీ ముక్కలుముక్కలుగా, పైగా తగ్గుదల ఆగలేదు. అందుకే క్రిటికల్లీ ఎండేంజర్డ్‌కి వెళ్లింది. తర్వాత గ్రీసులోనూ ఇది ఉన్నట్టు ప్రకటించారు. కాబట్టి ఎవరు స్టేటస్ చెప్పినా, అంచనా ఏ సంవత్సరానిదో, ఏ ప్రాంతం లెక్కో చూడండి.

తగ్గడానికి ముఖ్య కారణం ధర. మంచి గిరాకీ ఉండటంతో గొడుగు విచ్చుకోకముందే మొగ్గలు కోసేస్తారు. విచ్చుకోనిదే గొడుగు కింది మొప్పల్లోంచి బీజాంశాలు రాలవు, రాలనిదే కొత్త మొక్కల వేళ్లకి శిలీంధ్రం చేరదు. మడోనీ పార్కులో 3 సెంటీమీటర్ల కన్నా చిన్నవి కోయకూడదన్న నిబంధన పెట్టింది అందుకే. నన్నడిగితే అదీ చాలా మెతక నిబంధనే. 3 సెంటీమీటర్లు దాటిన ప్రతిదీ బీజాంశాలు రాల్చేసిందని కాదు కదా.

ఇక సాగు. సిసిలీలోనూ దీన్ని పెంచారు, కొండల మీద ఒత్తిడి తగ్గడానికి అది పనికొస్తుంది. కానీ షెడ్డులో ఎన్ని క్వింటాళ్లు తీసినా రెడ్ లిస్ట్ లెక్క మారదు, అక్కడ లెక్కపెట్టేది అడవిలో సొంతంగా బతికేవాటినే. మిగిలిన స్పాన్ కొండమీద చల్లి రక్షిద్దామన్న ఆలోచనా వద్దు. సాగు స్పాన్ అంతా సాధారణంగా ఒకే స్ట్రెయిన్ (ఒకే మూలం నుంచి తీసిన రకం) నకలు. కొద్దిపాటి అడవి సంతతిలో అది కలిస్తే ఉన్న జన్యు వైవిధ్యం పలచబడుతుంది.

కొనేముందు స్ట్రెయిన్ ఎక్కడ సేకరించారో, ఐటీఎస్ సీక్వెన్స్ (జాతిని గుర్తించడానికి వాడే డీఎన్ఏ పరీక్ష) చేయించారో లేదో అడగండి. జవాబు రాకపోతే మీ రిజిస్టర్లో బైలింగు అనే రాసుకోండి.