కాలువ గట్టు పక్కన జనం దూరంగానూ, కలిసీ కూర్చునేలా స్థలాన్ని ఎలా తీర్చాలి?

డెల్టా ఊళ్లో కాలువ గట్టు పక్కన ఖాళీ స్థలం ఉంటే, అందులో ముందుగా సిమెంటు బెంచీలు పోయించకండి. ఒకసారి పోస్తే ఇక కదలవు. ఇద్దరు మనుషులు ఎత్తి జరపగలిగే చెక్క బల్లలు చాలు.

దూరం సంగతికొస్తే, 2020లో కరోనా సమయంలో న్యూయార్క్‌లోని డొమినో పార్కులో గడ్డి మీద 8 అడుగుల వ్యాసం గల వృత్తాలు, మధ్యలో 6 అడుగుల ఖాళీతో గీశారు. ఒక్కో వృత్తంలో ఒక్కో కుటుంబం. అంటే ప్రతి 14 అడుగులకు ఒకటన్నమాట. మనవాళ్లు కూరగాయల మార్కెట్లలో సున్నంతో గీసిన గళ్లూ ఇదే పద్ధతి. సున్నం చెరిగిపోతుంది, అదే దాని సుగుణం. అవసరాన్ని బట్టి మళ్లీ గీసుకోవచ్చు.

డెల్టాలో అసలు చిక్కు నేలతో. నల్లమట్టి నాలుగు చినుకులకే కాళ్లకు అంటుకుంటుంది. నడిచే దారి వరకైనా గ్రావెల్ పోసి, కాస్త ఎత్తు చేసి, నీళ్లు డ్రెయిన్ వైపు పోయేలా వాలు పెట్టండి. పందిరి రాటల కోసం నేలలో ఇనుప గొట్టాలు పాతి మూతలు పెట్టించండి. ఎండాకాలం తాటాకు పందిరి, సంక్రాంతికి షామియానా, తుఫాను హెచ్చరిక వస్తే అన్నీ పీకేసి ఖాళీ నేల. నీడకు కానుగ, వేప నాటండి. కొబ్బరిచెట్టు కింద మాత్రం బల్ల వేయొద్దు, కాయ నెత్తిన పడుతుంది.

రాకకు ఒక దారి, పోకకు వేరే దారి తప్పనిసరి. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జనం ఒక్కచోటే ఎగబడితే తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయిన సంగతి మనకు తెలుసు. నీళ్ల వైపు నడుమెత్తు రెయిలింగ్ కట్టించండి, పిల్లలుంటారు. గట్టు జలవనరుల శాఖదైతే ముందే అనుమతి తీసుకోండి.