కంప్రెసర్ కొనబోయే మేనల్లుడికి

అల్లుడూ,

కొత్తగూడెంలో కార్ల డెంటింగ్, పెయింటింగ్ షాపు పెడుతున్నావనీ, కంప్రెసర్‌కి బేరం ఆడుతున్నావనీ అక్క ఫోన్‌లో చెప్పింది. డబ్బు కట్టకముందే ఇది చదువు.

ట్యాంకు మీది స్టిక్కర్‌లో రాసిన హెచ్‌పీని నమ్మకు. మోటారుకి బిగించిన నేమ్‌ప్లేటు చూడు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. 3 హెచ్‌పీ అయితే ప్లేటు మీద 2.2 కిలోవాట్లు ఉండాలి. 1.5 ఉందంటే అది 2 హెచ్‌పీయే. 16 ఆంపియర్ల ప్లగ్గుకి 5 హెచ్‌పీ నడుస్తుందని చెప్తే అక్కణ్ణుంచి వచ్చెయ్. 230 వోల్టుల్లో ఆ ప్లగ్గు ఇచ్చేదే 3,680 వాట్లు, 5 హెచ్‌పీకి అదే చాలదు. గాలి సంగతికొస్తే, పని చేసే ప్రెషర్‌లో బయటికి ఎన్ని సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) ఇస్తుందో అడుగు.

పంక్చర్ షాపులో మోటారు కాసేపు తిరిగి ఆగుతుంది. నీ స్ప్రే గన్ దాన్ని ఆగనివ్వదు. అందుకే ప్లేటు మీద డ్యూటీ ఎస్-1 అని, అంటే ఆపకుండా నడపొచ్చని ఉండాలి. ఎస్-3, 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే నడపాలి.

ఇక వేడి. మామూలుగా ఈ మోటార్లను బయట 40 డిగ్రీలుంటుందన్న లెక్కతో చేస్తారు. మీ ఊళ్లో మే నెల ఎండ దానికి లొంగుతుందా? లెక్కకి 3 హెచ్‌పీ సరిపోయినా ఒక సైజు పెద్దదే తీసుకో, లోపలి వైండింగ్ (తీగచుట్ట) ఎక్కువ వేడి తట్టుకునే ఇన్సులేషన్ క్లాస్ ఎఫ్ ఉన్నదే అడుగు. వోల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి ఇంకా కాగుతుంది. కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే కారణం వెతుకు. దాన్ని తప్పించి డైరెక్ట్‌గా వైరు కలపనివ్వకు, వైండింగ్ కాలిపోతుంది.

బెల్టు కంప్రెసర్‌లో ఫ్లైవీలే ఫ్యాను. దాని రెక్కలు సిలిండర్ మీదికి గాలి కొట్టాలి. త్రీ ఫేజులో రెండు వైర్లు మారితే చక్రం వెనక్కి తిరుగుతుంది. ట్యాంకు నిండుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు, సిలిండర్ పైనుండే హెడ్డు మాత్రం మాడిపోతుంది. కరెంటు పని జరిగిన ప్రతిసారీ బాణం గుర్తు చూసుకో. గోడకి అడుగున్నర దూరంలో పెట్టు. పెయింటు గదిలో మాత్రం వద్దు నాయనా. పెయింటు పొగ సిలిండర్‌ని చల్లబరిచే ఫిన్నులకి పట్టేస్తుంది, థిన్నర్ ఆవిరి దగ్గర స్విచ్ నిప్పురవ్వ చాలా ప్రమాదం.

షాపులోనే గాలి వదులుతూ అరగంట నడిపించమను. ఆగినప్పుడు ప్రెషర్ స్విచ్ దగ్గర తుస్సుమని గాలి పోవాలి. పోకపోతే మళ్లీ స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు మీద ప్రెషర్ పడుతుంది, అది తీసుకోకు.

నేమ్‌ప్లేటు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. చూసి చెప్తా, అప్పుడే అడ్వాన్స్ ఇవ్వు.

ఆశీస్సులతో,
మామయ్య