ఆరో తరగతికి ఆకాశం చెప్పబోయే బిడ్డకు

హైదరాబాద్

బిడ్డా, ఆశీస్సులు.

పగలూ రాత్రికి ఒక్క పీరియడ్ చాలు. భూమి పడమటి నుంచి తూర్పుకు తన చుట్టూ తాను తిరుగుతుంది, అంతే. పిల్లలు తడబడేది రుతువుల దగ్గర, చంద్రకళల దగ్గర. ఆ రెండూ బోర్డు మీద కాదు, బడి డాబా మీద మొదలుపెట్టు.

ఒక కర్రను సన్నటి పలకకు బిగించి నిలబెట్టు. కొస నేల నుంచి సరిగ్గా 50 సెం.మీ. ఎత్తులో ఉండాలి. దారానికి రాయి కట్టి వేలాడదీసి నిటారుగా ఉందో లేదో చూడు. కాస్త ఒరిగినా లెక్కంతా పోతుంది. కర్ర మొదలు కేంద్రంగా 60 సెం.మీ. దారంతో సుద్దగీత వృత్తం గియ్యి. పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక చుక్క, మధ్యాహ్నం మళ్లీ తాకిన చోట ఇంకో చుక్క. రెండూ కలిపితే తూర్పు పడమరలు. ఆ గీత మధ్య నుంచి కర్ర మొదలుకు గీస్తే ఉత్తర దక్షిణాలు. ఫోన్ దిక్సూచిని నమ్మకు, శ్లాబులోని ఇనుప చువ్వలు దాన్ని పక్కకు లాగుతాయి.

నీడ ఉత్తర దక్షిణ గీత మీదికి వచ్చినప్పుడే అసలు మిట్టమధ్యాహ్నం. గడియారంలో 12 కొట్టగానే కొలిస్తే తప్పు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. ఆ నాలుగు డిగ్రీలకు 16 నిమిషాల ఆలస్యం. ఏడాదిలో అదీ మారుతుంది: ఫిబ్రవరి నడుమ 12:30 అవుతుంది, నవంబర్ మొదట్లో 12:00కే వస్తుంది.

డిసెంబర్ 21న ఆ నీడ 43 సెం.మీ., మార్చి 21న 16. మే 9 ప్రాంతంలో మాయమవుతుంది. జూన్ 21న దక్షిణానికి 5 సెం.మీ. పడుతుంది. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ మాయం. నెలకోసారి కొలిపించు, అక్షం వంగి ఉందన్న మాట పిల్లల నోటనే వస్తుంది.

ఆ తర్వాతే సూర్యుడిగా బల్బూ, భూమిగా బంతీ. బంతికి అల్లిక సూది గుచ్చి, 10 సెం.మీ. ఎత్తుకు 4.3 సెం.మీ. పక్కకు ఒరిగేలా పట్టుకో, అదే 23.5 డిగ్రీలు. బల్బు చుట్టూ తిప్పేటప్పుడు సూది ఎప్పుడూ ఒకే గోడ వైపు చూడాలి. చాలామంది టీచర్లు తెలియకుండానే దాన్ని ప్రతిచోటా బల్బు వైపు వంచేస్తారు. అప్పుడు ఏడాదంతా ఎండాకాలమే! దూరం వల్ల ఎండాకాలం వస్తుందని ఎవరైనా అంటే, జనవరిలో సూర్యుడు 14.7 కోట్ల కి.మీ., జూలైలో 15.2 కోట్ల కి.మీ. దూరమని చెప్పి, సంక్రాంతి చలిని గుర్తు చెయ్యి. జూన్‌లో పగలు పెద్దదైనా మేలోనే మండుతుందేమని అడుగుతారు. జూన్‌లో నైరుతి మబ్బులు కమ్ముతాయి కదా.

చంద్రకళలకు శుక్ల అష్టమి సాయంత్రం నాలుగు గంటలు మంచి వేళ. ఒక నిమ్మకాయను పుల్లకు గుచ్చి, ఎండలో చెయ్యి చాచి చంద్రుడి వైపు పట్టుకోమను. చంద్రుడిలో ఎంత వెలుగుందో నిమ్మకాయ మీదా అంతే, అదే పక్కన. భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడనే పిల్లవాణ్ని అక్కడే అడుగు: సూర్యుడు పడమట ఉంటే మన నీడ ఎటు పోతుంది? అటు చంద్రుడు ఉన్నాడా? పొద్దున బడికి కృష్ణ అష్టమి బాగుంటుంది, ఎనిమిదింటికి చంద్రుడు పడమటి వైపు ఉంటాడు.

గదిలో బల్బుతో చేస్తే, పౌర్ణమి దగ్గర నిమ్మకాయ తల నీడలో పడిపోతుంది. కాస్త పైకెత్తమను. ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదో కూడా అదే చెబుతుంది: చంద్రుడి దారి 5 డిగ్రీలు వాలి ఉంది. పుస్తకంలో నెలవంక నిలువుగా ఉంటుంది, మన ఊళ్లో, ముఖ్యంగా మాఘ ఫాల్గుణాల్లో, పడవలా పడుకుని కనిపిస్తుంది. ముందే చెప్పకపోతే పిల్లలు తమ కళ్లనే అనుమానిస్తారు.

పాఠం వానల్లో పడితే చంద్రుడి భాగాన్ని కార్తీకానికి జరుపు. హెడ్మాస్టరుకు ఇప్పుడే చెప్పి ఉంచు.

మీ పెద్దనాన్న