బుడమేరు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి అమ్మాయి నీట్ వద్దంటోంది

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. ఆటోనగర్‌లో చిన్న స్పేర్ పార్టుల షాపు ఉంది. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్‌లో వేద్దామని అడ్వాన్సు కూడా కట్టాను. 2024 వరదల్లో మా ఇల్లు మునిగినప్పటి నుంచి తను బుడమేరు, కొల్లేరు, పక్షులు అంటూ తిరుగుతోంది. పర్యావరణ పరిశోధన చేస్తుందట. అన్ని సబ్జెక్టులూ కలిపి చదవాలట. ఏ సబ్జెక్టూ పూర్తిగా రానివాళ్లు చదివేదేమో అని నా అనుమానం. పక్షుల్ని లెక్కపెడితే జీతం ఎవరిస్తారు సార్? కాస్త నచ్చజెప్పండి.

సమాధానం: నచ్చజెప్పే పని మాత్రం నాకు పెట్టకండి. కానీ ‘ఏ సబ్జెక్టూ పూర్తిగా రానివాళ్లు చదివేదేమో’ అన్నారు చూడండి, కోపంలో అన్నా సరైన చోటే పట్టుకున్నారు. ఆ మాట మీ అమ్మాయి కూడా వినాలి. దాని దగ్గరకు వస్తాను. ముందు తను ఏం అడుగుతోందో మీ వీధి నుంచే చూద్దాం.

2024 సెప్టెంబర్ 1న సింగ్ నగర్ ఎందుకు మునిగింది? ఇంజినీరును అడిగితే నీళ్ల లెక్క చెబుతాడు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి వెలగలేరు మీదుగా ఊళ్లోకి వస్తుంది. వరదను ఊరిదాకా రానివ్వకుండా కృష్ణలోకి తిప్పడానికి డైవర్షన్ కాలువ ఉంది. ఆ రోజుల్లో కృష్ణే పొంగి ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే లోపలికి వెళ్తుందా? గట్లకు గండ్లు పడ్డాయి, నీళ్లు మీ వైపు వచ్చాయి. అంతటితో అయిపోలేదు. పాత మ్యాపులూ ఉపగ్రహ చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఏరు ఎక్కడెక్కడ ఇరుకైందో చెబుతారు. రెవెన్యూ రికార్డులు తిరగేసేవాళ్లు ఆ ఇరుకు ఎవరి పేరు మీదుందో చెబుతారు. అక్కడే ఎందుకు ఇల్లు కట్టుకున్నారని మిమ్మల్ని అడిగితే, ఊరి మధ్య గవర్నర్ పేటలో గజం ఎంత, ఇక్కడ గజం ఎంత అని మీరే ఎదురు అడుగుతారు. అదీ పరిశోధనలో భాగమే. ఇక బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకు. మీ కాలువలో పడ్డ మురుగూ ప్లాస్టిక్కూ పోయి కలిసేది పెలికాన్లు చేపలు పట్టుకునే నీళ్లలోనే. జువాలజీ వాళ్ల పని అక్కడ మొదలవుతుంది.

అమ్మాయి ‘అన్ని సబ్జెక్టులూ కలిపి’ అంటున్నది దీన్నే. ఏరు సిలబస్ ప్రకారం పారదు కదా.

కొల్లేరు కథ చూడండి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ అని చేపల చెరువుల గట్లు పేల్చేశారు. తర్వాత చెరువులు మళ్లీ లేచాయి. ఎందుకు లేచాయో పక్షుల శాస్త్రం ఒక్కటే చెప్పలేదు. ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన అభయారణ్యం హద్దు) లోపల జిరాయితీ, అంటే పట్టా భూమి, ఎవరిది, లీజు ఎవరి చేతిలో ఉంది, వలేసి బతికేవాడికి చెరువు పోతే ఏం మిగిలింది, ఇవన్నీ తెలియాలి. ఆ లెక్కలు లేకుండా పక్షుల లెక్క ఎంత బాగా రాసినా సగమే.

పక్షుల్ని లెక్కపెడితే ఏమొస్తుంది అన్నారు కాబట్టి రాబందుల సంగతి చెబుతాను. 1990ల్లో మన దేశంలో రాబందులు కుప్పకూలిపోయాయి. కారణం చాలా ఏళ్లు తెలియలేదు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ అనే మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు దెబ్బతీస్తోందని 2004లో తేలింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన ప్రభుత్వం నిషేధించింది. అక్కడిదాకా వెటర్నరీ, కెమిస్ట్రీ, పక్షుల శాస్త్రం. 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్నే ఇంకోవైపు నుంచి లెక్కగట్టారు. రాబందులు లేక కళేబరాలు కుళ్లి, నీళ్లు పాడై, కుక్కలు పెరిగి, 2000 నుంచి 2005 లోపు మనుషుల మరణాలు సుమారు 5 లక్షలు అదనంగా జరిగి ఉంటాయని వాళ్ల అంచనా. ఎవరో ఓపిగ్గా పక్షుల్ని లెక్కపెట్టి ఉండకపోతే ఆ అంచనాకు ఆధారమే లేదు.

ఇక మీ అనుమానం. అందులో నిజం ఉంది. అన్నీ కొంచెం కొంచెం తెలిసి, ఏదీ చేతిలో లేని పిల్లల్ని ఏటా చూస్తుంటాను. సుస్థిర అభివృద్ధి మీద గంట మాట్లాడతారు, నీటి శాంపిల్ తీయమంటే దిక్కులు చూస్తారు. రాబందుల పని చేసినవాళ్లలో ప్రతి ఒక్కరికీ ముందు తన విద్య గట్టిగా వచ్చు, ఆ తర్వాతే పక్కవాడి విద్య అర్థం చేసుకున్నారు. అందుకే నా సలహా: డిగ్రీలో ఒక్క సబ్జెక్టు లోతుగా, కలపడం పీజీ నుంచి. పేరులో పర్యావరణం కనిపించగానే డిగ్రీలో చేరిపోవద్దు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. యూపీఎస్సీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు కావాల్సిన సబ్జెక్టుల జాబితాలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ, స్టాటిస్టిక్స్ లాంటివి ఉన్నాయి, అగ్రికల్చర్, ఫారెస్ట్రీ డిగ్రీలు ఉన్నాయి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదు. రేపు మనసు మారి ఆ పరీక్ష రాస్తానంటే తలుపు మూసి ఉండకూడదు.

మీ అమ్మాయికి దారులు ఇవి. మొదటిది, నా మొదటి ఇష్టం కూడా, తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. దానికి ఐఏటీ అనే పరీక్ష ఉంది. బైపీసీ వాళ్లూ రాయొచ్చు, కాకపోతే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు మ్యాథ్స్ ప్రశ్నలూ ఉంటాయి. ఇంటర్‌లో మ్యాథ్స్ లేదని అక్కడే జారిపోతారు. రెండోది, మన ఊళ్లోనే మంచి డిగ్రీ కాలేజీలో జువాలజీ లేదా బోటనీ మేజర్, మైనర్‌గా దొరికితే స్టాటిస్టిక్స్. దొరక్కపోతే బయట నేర్చుకోవాలి, అది లేకుండా ఈ రంగంలో ముందుకు పోవడం కష్టం. నాలుగో ఏడు రీసెర్చ్‌తో పూర్తిచేసి 75 శాతం తెచ్చుకుంటే నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉంటుంది. మూడోది, ఈఏపీసెట్ ర్యాంకు ఉంటే అగ్రికల్చర్ బీఎస్సీ. ఆ యూనివర్సిటీ ఉన్నది గుంటూరు లాం‌లోనే. చదివిన నీట్ వృథా అయిందని బాధపడకండి, వెటర్నరీలో ఆలిండియా కోటా సీట్లు నీట్ ర్యాంకు మీదే ఇస్తారు. రాబందుల కథలో వెటర్నరీ వాళ్లు ఎక్కడున్నారో చూశారుగా.

పీజీకి డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, బెంగళూరు ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థలో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది. ఈ రెండోది రెండేళ్లకోసారే తీసుకుంటారు, ముందే చూసుకోవాలి. నీటిశాస్త్రమూ సమాజశాస్త్రమూ ఒకే గదిలో కూర్చుని చేసే పీహెచ్‌డీ కావాలంటే బెంగళూరులోనే ఏట్రీ అనే పరిశోధన సంస్థ ఉంది. దూరం పంపలేమంటే నాగార్జున యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఉంది, మీ ఇంటి నుంచి బస్సే. అప్పటికి ఆ పేరున్న కోర్సులో చేరితే ఇబ్బంది లేదు, కింద పునాది ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు డబ్బు. దాచి లాభం లేదు, ఆలస్యంగా వస్తుంది. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీలో నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, హెచ్ఆర్ఏ వేరే. ఇది 2023లో పెంచిన రేటు. జేఆర్‌ఎఫ్ రాకపోతే ప్రాజెక్టు ఉద్యోగాలు, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. ఇరవై ఎనిమిదో ఏటి దాకా స్థిరపడిందని చెప్పలేం. పెళ్లి సంబంధాల వాళ్లకు ఈ ఉద్యోగం ఏమిటో విడమరిచి చెప్పాల్సి వస్తుందని మీరు రాయలేదు కానీ మనసులో ఉందని నాకు తెలుసు. దానికి నా దగ్గర మందు లేదు. ఉద్యోగాలు మాత్రం ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి ఉంది. గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం నడుపుతోంది, ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ ప్రైజ్ కూడా వచ్చింది. పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యి ఏటా తమ నీళ్లు, కరెంటు, వ్యర్థాల లెక్కలు స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీకి చెప్పి తీరాలి, ఆ లెక్కలు రాసేవాళ్లు కావాలి. ఫ్యాక్టరీలకు పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. అక్కడ జీతం తొందరగా వస్తుంది, చేసే పని అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మెట్ట పొలాల మధ్య కట్టే ఫ్యాక్టరీ రిపోర్టులో సముద్రతీరంలో పెరిగే మడ చెట్ల పేర్లు చూశాను నేను, పాత రిపోర్టు నుంచి ఎత్తిరాశారు.

పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే అమ్మాయి ఫొటోలు చూసి మోసపోతుంది. నా దగ్గర సలహా తీసుకున్న కుర్రాడొకడు కొల్లేరు మీద ఆరు నెలల ప్రాజెక్టులో చేశాడు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. కొల్లేరును సముద్రానికి కలిపే ఉప్పుటేరు గట్టు మీద తెల్లవారేసరికి ఉన్నాం. వాడి చేతిలో నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు, ఇంకో చేతిలో డేటా షీటు. పెన్నుతో రాస్తే తడికి అలుక్కుపోతుందని పెన్సిలుతోనే రాస్తున్నాడు. వల దులుపుకుంటున్న పెద్దాయన కాసేపు చూసి, ‘నీ మిషను చెప్పేలోపు మా గేదె చెబుద్దిరా అబ్బాయ్, మూతి పెట్టి వెనక్కి తీసుకుందంటే ఉప్పొచ్చినట్టే’ అన్నాడు. ఏ నెలలో, ఎన్నేళ్ల నుంచి అని వీడు అడగడం మొదలుపెట్టాడు. మార్జిన్‌లో పెన్సిలుతో గేదె అని రాసుకున్నాడు. మీటరు ఆ రోజు సంగతే చెప్పింది, ఆయన పదిహేనేళ్లది చెప్పాడు. అది ఉదయం. మధ్యాహ్నం నుంచి ఒక చెరువు యజమాని కోసం టీ కొట్టు బెంచీ మీద రెండున్నర గంటలు కూర్చున్నాం. ఆయన రాలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాడట, అప్పుడూ రాలేదట.

లాంగ్ టర్మ్ విషయం. అడ్వాన్సు కట్టాం కదా అని చేర్పించకండి, తిరిగిస్తారేమో అడగండి. అలాగని రేపే డిగ్రీలో వేసేయమనీ అనను. నీట్ మీద విసుగొచ్చిన పిల్లా, పరిశోధన మీద నిజంగా మనసున్న పిల్లా ఈ సీజన్‌లో ఒకేలా కనిపిస్తారు. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లకు అప్లై చేసి ఉంచండి, ఈలోపు తేల్చుకోవడానికి ఒక పని ఇస్తున్నాను.

అమ్మా, ఇది నువ్వు చదువుతున్నావని తెలుసు. మీ వీధిలో ఇరవై ఇళ్లు తిరుగు. గోడ మీద వరద మరక ఎంత ఎత్తులో ఉందో కొలువు. రంగు వేయించేసిన చోట ఇంటివాళ్లను అడిగి గుర్తు పెట్టించుకో. నీళ్లు ఏ టైముకు వచ్చాయి, ఏ వైపు నుంచి, ఎన్ని రోజులున్నాయి, ఏం పోయింది, ఎంత చేతికొచ్చింది, అన్నీ రాయి. మొదటి మూడిళ్లలో విసుక్కుంటారు, నాలుగో ఇంట్లో టీ ఇచ్చి గంటసేపు చెబుతారు. క్యూజీఐఎస్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఆ ఇళ్లను మ్యాపు మీద పెట్టడం నేర్చుకో. ఇరవయ్యో ఇంటి దాకా వెళ్లగలిగితే ఆ కాగితాలు పట్టుకుని నాన్నతో కలిసి రా, మిగతాది కూర్చుని మాట్లాడుకుందాం. ఆరో ఇంటి దగ్గరే ఆపేసినా రా, అప్పుడు వేరే సంగతి మాట్లాడుకుందాం. కొలిచే టేపు నాన్న షాపులో ఉంటుంది, అడిగి తీసుకో.