అరొగెన్స్ అంటే గర్వమా, పొగరా?

సందేహం: హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి వాళ్ళ మేనేజర్ గురించి చెబుతూ "ఆయనకి అరొగెంట్ ఎక్కువ నాన్నా" అన్నాడు. ఇంగ్లీషులో ఆ మాటను అలాగే వాడతారా? మన 'గర్వం' సరిపోదా? – ఒక పాఠకుడు, రాజోలు

సమాధానం: మీవాడి వాక్యంలో చిన్న తడబాటు ఉందండి. అరొగెన్స్ గుణం పేరు, అరొగెంట్ విశేషణం. ఇంగ్లీషులో మనిషినైతే 'హి ఈజ్ అరొగెంట్' అంటారు. తెలుగులో కలిపి మాట్లాడినా 'ఆయన అరొగెంట్' అనాలి, లేదా 'ఆయనకి అరొగెన్స్ ఎక్కువ' అనాలి. 'ఆయనకి అరొగెంట్ ఎక్కువ' అంటే 'ఆయనకి పొగరుబోతు ఎక్కువ' అన్నట్టుంటుంది.

గర్వం మాత్రం సరిపోదు. 'నిన్ను చూసి గర్వపడుతున్నానురా' అని తండ్రి కొడుకుతో అంటాడు. అక్కడ ఇంగ్లీషులో ప్రౌడ్ వస్తుంది, అరొగెంట్ ఎప్పటికీ రాదు. అరొగెన్స్‌కి మూలమైన లాటిన్ క్రియకు అర్థం, తనది కానిదాన్ని కూడా తనదేనని చేజిక్కించుకోవడం. అందుకే ఆ మాట వినగానే చిన్నబోయిన ఎదుటిమనిషి ఒకరు గుర్తొస్తారు. గర్వం ఒక్కడే గదిలో కూర్చుని కూడా పడొచ్చు. (అభిమానం సంగతీ చూడండి. భగవద్గీత 16వ అధ్యాయంలో అది దంభం, దర్పాల పక్కన చేరిన చెడ్డ గుణం. మనకేమో ప్రేమ!)

ఒకసారి నరసాపురం రేవులో సఖినేటిపల్లి వెళ్ళే పంటు ఎక్కాను. బండి మీదున్న కుర్రాడొకడు, అరటిగెల దించుకుంటున్న ముసలమ్మ వెనకాల ఆపకుండా హారన్ కొడుతున్నాడు. నా పక్కనున్న కాలేజీ అమ్మాయి "ఎంత అరొగెన్సో!" అంది. ముసలమ్మ వెనక్కి తిరిగి "కళ్ళు నెత్తికెక్కాయేంట్రా అబ్బాయ్?" అంది. ఇద్దరూ అన్నది ఒకటే. కానీ ఆవిడ మాటలో ఆ కుర్రాడికి ఎదురుగా ఉన్న మనిషి ఎందుకు కనబడలేదో కూడా ఉంది.

మన క్రియలు గమనించండి. పొగరు పడుతుంది, ఎక్కుతుంది, అణుగుతుంది. కొవ్వు పడుతుంది, కరుగుతుంది. ఇంగ్లీషు వాక్యం మనిషినే అరొగెంట్ అనేస్తుంది. తెలుగులో అది వచ్చిపడినది, కాబట్టి దించడానికీ వీలుంది. నాకిది చాలా ఇష్టమైన సంగతి.

ఇంగ్లీషులో తరచుగా వినబడే మరో వాడుక 'హి హాడ్ ది అరొగెన్స్ టు సే దట్'. దీన్ని 'అలా చెప్పే అహంకారాన్ని కలిగి ఉన్నాడు' అని రాస్తున్నారు, చదవలేకపోతున్నాను. 'ఎంత పొగరు లేకపోతే అంత మాటంటాడు!' అంటే చాలు కదా.

రాతలోనూ పెద్దల విషయంలోనూ 'అహంకారం' మర్యాదగా ఉంటుంది. పొగరు ఇంటి మాట. బలుపు, కొవ్వు తిట్ల కిందే లెక్క, మేనేజరు చెవిన పడకూడదు. ఒకటి మాత్రం మీవాణ్ణి అడగండి: ఆయనది నిజంగా పొగరేనా, లేక మనవైపు ఎటకారమా? ఆయనది కూడా గోదావరి జిల్లాయే అయితే రెండోదే కావచ్చు. దానికి అరొగెన్స్ అన్న మాట అస్సలు నప్పదు.