టీకా వేసిన పందా, రోగం సోకిన పందా?

ప్రశ్న: మా పందులకు మూడు నెలల క్రితం క్లాసికల్ స్వైన్ ఫీవర్ టీకా వేయించాం. ఇప్పుడు రక్తపరీక్షలో యాంటీబాడీలు ఉన్నాయని వచ్చింది. రోగం సోకిన పందులేమోనని కొనేవాళ్లు వెనక్కి తగ్గుతున్నారు. ఏది నిజమో తేల్చలేమా?
– పందుల పెంపకందారు, కృష్ణా జిల్లా

జవాబు: ఆ ఒక్క పరీక్షతో తేలదు. ఈ వైరస్ పైపొరలో ఉండే ఇ2 అనే ప్రోటీన్‌ మీద తయారయ్యే యాంటీబాడీలే పందిని ప్రధానంగా కాపాడతాయి. ఎలైసా అనే రక్తపరీక్షలు ఎక్కువగా వెతికేదీ వాటినే. మన దగ్గర వేసేది బలహీనపరిచిన బతికున్న వైరస్. అందులో ప్రోటీన్లన్నీ ఉంటాయి కాబట్టి టీకాకూ, రోగానికీ ఫలితం ఒకేలా వస్తుంది.

వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా వెతికే ఆర్‌టీ-పీసీఆర్ చేయించండి. ఊదా మూత ఈడీటీఏ గొట్టంలో రక్తం తీయించి ఐసు మీద పంపాలి, ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు. టీకా వేసిన కొన్ని వారాల వరకు టాన్సిల్స్‌లో టీకా వైరస్ ఆనవాళ్లు దొరకొచ్చు. మూడు నెలల తర్వాత రక్తంలో వైరస్ కనబడితే మాత్రం బయటి వైరస్‌నే అనుమానించాలి. జన్యుక్రమం చదివిస్తే ఏ రకమో తెలుస్తుంది. అయితే ఎప్పుడో సోకి కోలుకున్న పందిలో పీసీఆర్ నెగటివ్ వస్తుంది. అందుకే టీకా తేదీ, బ్యాచ్ నంబరు, చెవి ట్యాగు నంబరు రాసిపెట్టిన రిజిస్టరు కొనేవాళ్లకు చూపించండి.

ఇంకో మాట. యాంటీబాడీ లేని పంది సురక్షితమని అనుకోకండి. చూడి మధ్యకాలంలో తల్లికి వైరస్ సోకితే, పుట్టిన పిల్ల ఆ వైరస్‌ను తన శరీరంలో భాగమనుకుని యాంటీబాడీలే చేయదు. మొదట్లో పైకి మామూలుగానే ఉంటూ నెలల తరబడి వైరస్‌ను వదులుతుంది. మందలో అసలు ప్రమాదం దానితోనే. సరిగ్గా పెరగని పిల్లలుంటే వాటికి ముందు పీసీఆర్ చేయించండి.

ప్రశ్న: ఈ వైరస్ తీవ్రతకు కారణమయ్యే ప్రోటీన్‌ను తీసేస్తే టీకా సిద్ధమైనట్టేనా?
– పశువైద్య విద్యార్థి, తిరుపతి

జవాబు: తీవ్రత ఒక్క ప్రోటీన్‌తో తేలేది కాదు. ఎన్‌ప్రో అనే వైరస్ ప్రోటీన్ కణంలోని ఐఆర్‌ఎఫ్3 అనే హెచ్చరిక ప్రోటీన్‌ను నాశనం చేయించి, వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ పుట్టకుండా ఆపుతుంది. వైరస్‌లోని మరో ప్రోటీన్ ఈఆర్‌ఎన్‌ఎస్, ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైము. అందులో హిస్టిడిన్ అనే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి ఆ కోసే గుణం పోగొడితే, ప్రాణాంతక వైరస్ కూడా పందుల్లో బలహీనపడుతుంది. తీవ్రమైన బ్రెషియా రకంలోని ఇ2 స్థానంలో టీకా రకపు ఇ2ను పెట్టినా అంతే.

కానీ బలహీనపడినంత మాత్రాన పై ప్రశ్న అడిగిన పెంపకందారు చిక్కు తీరదు. అందుకు మార్కర్ టీకా, అంటే టీకా వేసిన పందినీ రోగం సోకిన పందినీ వేరుగా గుర్తించగలిగే టీకా కావాలి. పురుగులకు సోకే బాకులోవైరస్‌తో పురుగు కణాల్లో తయారుచేసిన ఇ2 ఒక్కటే ఇస్తే, ఈఆర్‌ఎన్‌ఎస్ యాంటీబాడీలు ఉన్న పంది రోగం సోకినదే. అయితే రక్షణ ఆలస్యంగా వస్తుంది, గర్భస్థ పిల్లలకు వైరస్ చేరడం పూర్తిగా ఆగదు. పశువులకు విరేచనాలు తెచ్చే, స్వైన్ ఫీవర్ వైరస్‌కు దగ్గరి బంధువైన బీవీడీ వైరస్‌లో స్వైన్ ఫీవర్ ఇ2ను అమర్చిన సీపీ7-ఇ2ఆల్ఫ్ అనే బతికున్న టీకాకు ఐరోపాలో 2015లో అనుమతి వచ్చింది. ఇది త్వరగా పనిచేస్తుంది. కానీ దాని ఈఆర్‌ఎన్‌ఎస్ బీవీడీదే. ఆవులు, గేదెల దగ్గర తిరిగి బీవీడీ తగిలిన పందుల్లో పరీక్ష తప్పుదారి పట్టొచ్చు. అందుకే ఈఆర్‌ఎన్‌ఎస్ ఎలైసా ఫలితాన్ని ఒక్క పందిని బట్టి కాకుండా మొత్తం మందను బట్టి చూస్తారు.