స్వేచ్ఛ సరే, ఎవరికి?

తమ్ముడూ,

సాఫ్ట్‌వేర్ లైసెన్సుల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగు బాగుంది, చదివిస్తుంది. కానీ నాలుగో పేరాలో "ఎంఐటీ లైసెన్సు స్వేచ్ఛనిస్తే జీపీఎల్ సంకెళ్లు వేస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. స్వేచ్ఛ అని రాసినప్పుడల్లా ఎవరికి అన్నది కూడా రాయాలి. కి, కు లేకుండా ఆ మాట వాడకు.

మనం రాసిన ప్రోగ్రామ్‌ని ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పేదే లైసెన్సు. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులు మన పేరూ లైసెన్సు పాఠమూ ఉంచితే చాలంటాయి, ఆ తర్వాత కోడ్‌ని ఎవరికీ చూపకుండా మూసేసి అమ్ముకున్నా అడగవు. జీపీఎల్ కింద ఉన్నదాన్ని ఇంట్లో ఎలా మార్చుకున్నా అడిగేవాళ్లు లేరు, ఇంకొకరికి ఇచ్చినప్పుడు మాత్రం సోర్స్, అంటే మనుషులు చదివి మార్చుకోగలిగే అసలు కోడ్ కూడా అదే షరతుతో వాళ్లకు అందాలి. ఈ తేడా నీ వ్యాసంలో లేనే లేదు!

లింక్‌సిస్ కంపెనీ వైఫై రూటర్ డబ్ల్యూఆర్‌టీ54జీ సంగతి రాయాల్సింది. నీలం, నలుపు రంగుల డబ్బా, వెనక రెండు యాంటెన్నాలు. లోపల నడుస్తున్నది జీపీఎల్ కింద ఉన్న లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అని 2003లో కొందరు కనిపెట్టి, జీపీఎల్ ప్రకారం సోర్స్ ఇవ్వండని పట్టుబడితే కంపెనీ బయటపెట్టక తప్పలేదు. ఆ కోడ్ నుంచే 2004లో, రూటర్లలో ఎవరైనా వేసుకుని మార్చుకోగల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ మొదలైంది. డబ్బు పెట్టి కొన్నవాడు తన డబ్బాని తనే బాగుచేసుకోగలిగాడు. ఆ సంకెళ్లు పడింది ఎవరికో ఇప్పుడు చెప్పు.

ఇటు మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చూడు, అది బీఎస్‌డీ. ఇంటెల్ దాన్ని తన చిప్‌లలోని మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే లోపలి చిన్న కంప్యూటర్‌లో పెట్టుకుంది. ఆ సంగతి బయటికొచ్చాక 2017లో మినిక్స్ సృష్టికర్త టానెన్‌బామ్ బహిరంగ లేఖ రాస్తూ, వాడుకున్నందుకు అభ్యంతరం లేదు, ఒక మాట చెప్పి ఉంటే మర్యాదగా ఉండేదన్నారు. ఆ పెద్దమనసుకు దణ్ణం పెడతాను. కానీ ఆ చిప్ ఉన్న లాప్‌టాప్ కొన్నవాడు లోపలి మినిక్స్‌ని ముట్టుకోలేడు కదా. స్వేచ్ఛంతా ఇంటెల్‌ దగ్గరే ఆగిపోయింది.

నేనూ దెబ్బతిన్నవాణ్ణే. పుస్తకాలు కంపోజ్ చేసే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న తెలుగును, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ రాసి ఎంఐటీ కింద పెట్టాను. ఒక కంపెనీ తీసుకుని, పైన కొత్త రంగులేసి, మూసేసి అమ్మింది. ఓరోజు ఒక డీటీపీ కుర్రాడు ఫోన్ చేసి "సార్, 'క్ష' కింద ఒత్తు పక్క అక్షరానికి పోతోంది, రేపు పొద్దున పుస్తకం ప్రెస్‌కి వెళ్లాలి" అన్నాడు. తప్పు ఏ లైనులో ఉందో నాకు తెలుసు. దాన్ని రాసింది నేనే. అయినా అతని దగ్గరున్న కాపీని సరిచేసే దారి నాకూ లేదు, అతనికీ లేదు. రాత్రంతా కూర్చుని చేత్తో దిద్దుకున్నాడు. తర్వాతి వెర్షన్ జీపీఎల్ కింద పెట్టాను.

ఇంకోటి. నువ్వు "ఉచిత సాఫ్ట్‌వేర్" అన్నావు. పదేళ్ల కింద ఒక ఎడిటర్ నా వ్యాసంలో "స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్" అన్న ప్రతిచోటా "ఉచిత" అని మార్చి అచ్చేశాడు, ఆ మంట ఇంకా చల్లారలేదు. ఇంగ్లీషులో రెండు అర్థాలకీ ఫ్రీ ఒక్కటే దిక్కు కాబట్టి జీపీఎల్ రాసిన స్టాల్మన్ ఏళ్ల తరబడి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మనకు రెండు మాటలున్నాయి, ఎందుకు కలిపేస్తావు?

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత. ముందు నాలుగో పేరా తిరగరాసి పంపు, ఆ రూటర్ కొన్న మనిషి అందులో కనబడాలి.